ఆషాఢంలో ఆపిన మాత్ర

ఆషాఢం వస్తే అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదన్నారు పెద్దలు. ఎందుకన్నారంటే తలా ఒక కారణం చెబుతారు గానీ అసలు సంగతి అందరికీ తెలిసిందే. కొత్త దంపతులను ఆ నెల విడదీసి ఉంచితే ఎండలు ముదిరే వేళకి కాన్పు రాదు. వెనకటికి ఊరికీ ఊరికీ మధ్య వాగులూ వంకలూ ఉండేవి కాబట్టి ఆ కట్టడి కాస్తో కూస్తో చెల్లింది. స్పందన పుట్టిల్లు కర్మన్‌ఘాట్, అత్తిల్లు ఎల్బీనగర్. ఆటో ఎక్కితే నోట్లో వేసుకున్న వక్కపొడి నమిలేలోపు దిగిపోవచ్చు. అయినా అత్త రాజమ్మ పట్టిన పట్టు విడవలేదు. వైశాఖంలో కాలుపెట్టిన కోడలికి ఆషాఢం ముందురోజే చీర పెట్టి, బొట్టు పెట్టి, "శ్రావణం ఒచ్చినంక ఒద్దువుగాని బిడ్డా" అని సాగనంపింది.

బట్టలు సర్దుకుంటుంటే బీరువాలో చీరల అడుగున దాచిన మాత్రల అట్ట స్పందన చేతికి తగిలింది. పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలు. తెల్లవి ఇరవై ఒకటి, చివర ఇటుక రంగు ఐరన్ మాత్రలు ఏడు. పెళ్ళినాటి నుంచి రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒకటి మింగుతోంది. ఆ సంగతి ఆమెకూ, మొగుడు నరేష్‌కుమార్‌కూ తప్ప మూడో మనిషికి తెలియదు.

స్పందనకు ఎస్సై కావాలని ఉంది. ఉంది అంటే ఉత్త ఉబలాటం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంది, మొదటి రాతపరీక్ష గట్టెక్కింది, దసరా దాటాక పరుగు, లాంగ్‌జంప్ పరీక్షలున్నాయి. ముందొకసారి పరుగులోనే తప్పింది. మళ్ళీ నోటిఫికేషన్ పడేసరికి ఏళ్ళు పట్టాయి. ఈసారి కూడా తప్పితే వయసు దాటిపోతుంది. అందుకే పెళ్ళిచూపుల్లోనే నరేష్‌తో తేల్చుకుంది, ఉద్యోగం వచ్చేదాకా పిల్లల మాట ఎత్తొద్దని. అతను సరేనన్నాడు. పెళ్ళిచూపుల్లో మగవాళ్ళు అన్నిటికీ సరేనంటారన్న సంగతి అప్పటికి ఆమెకు తెలియదు.

అట్టలో తెల్లవి సగం దాకా అయ్యాయి. స్పందన దాన్ని చేతిలో పట్టుకుని ఆలోచించింది. మొగుడు లేని ఇంట్లో ఈ మాత్రలతో పనేముంది? పైగా అమ్మ అండాలమ్మ బ్యాగు విప్పి ఒక్కో బట్టా మడత పెట్టే రకం. సగం అట్ట ఎలాగూ మింగింది, ఆ మందు ఈ నెలంతా ఒంట్లో ఉండకపోదు. ఇలా అనుకుని దాన్ని చీరల కిందే వదిలేసి వెళ్ళిపోయింది. చట్టంలోని సెక్షన్లు కళ్ళు మూసుకుని ఒప్పజెప్పే పిల్ల తన ఒంటి సంగతి మాత్రం ఊహతో తేల్చేసుకుంది. చదువుకున్నవాళ్ళలో చాలామంది అంతే.

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడిపేవాళ్ళకు ఆషాఢం శూన్యమాసం కాదు, డిస్కౌంట్ల మాసం. స్పందన మామ దశరథ పోచంపల్లి పక్క ఊళ్ళో మగ్గం మీద కూర్చుని, ఆ మగ్గం దిగి వచ్చి దుకాణం పెట్టిన మనిషి. ఆ నెలంతా తండ్రీకొడుకులిద్దరికీ పొద్దున్నుంచి రాత్రిదాకా చీరలు విప్పడం, మడవడంతోనే సరిపోయింది. నరేష్ రాత్రిళ్ళు ఫోన్ చేసి గునిసేవాడు. మూడో వారానికి ఓపిక అయిపోయింది.

"నా పెండ్లాన్ని నేను చూడనీకి శ్రావణం దాక ఆగాల్నా? అబ్దుల్లాపూర్‌మెట్ల మా దోస్తు ఫ్లాట్ ఖాళీగ ఉంది. రేపు ఒస్తవా?"

స్పందన తల్లితో మాక్ టెస్ట్ ఉందని చెప్పి బయల్దేరింది. తాళి కట్టిన మొగుణ్ణి కలవడానికి దొంగచాటుగా వెళ్ళాల్సి వచ్చినందుకు ఆమెకు దారి పొడుగునా నవ్వు వస్తూనే ఉంది. గుండె మాత్రం దడదడలాడింది. నిజం చెప్పాలంటే ఆ దడ కూడా బాగుంది.

ఆ గదిలో నరేష్ ఒక్కసారి అడిగాడు. "మరి గోలీలు?"

"సగం షీటు ఏసుకున్న గద. ఏంగాదు" అంది స్పందన. అతను నమ్మాడు. ఆమె కూడా తన మాట తానే నమ్మింది.

శ్రావణం వచ్చింది. స్పందన అత్తింటికి వచ్చింది. వచ్చిన రాత్రే చీరల కింద నుంచి అట్ట తీసి, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. కిందటిసారి చదివి ఆపిన పేజీ నుంచి పుస్తకం చదువుకుంటూ పోయినట్టు. రావలసిన నెలసరి మాత్రం రాలేదు. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అనుకుంది. తారీఖు దాటింది. అప్పుడు ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా అని తనను తానే తిట్టుకుంది. ఒక చోట ఏం కాదన్నారు, ఇంకో చోట అయిపోయిందన్నారు. చదివినకొద్దీ భయం పెరిగింది తప్ప బుర్రకు ఏమీ ఎక్కలేదు.

పొద్దున్నే సరూర్‌నగర్ గ్రౌండ్‌కు పరుగుకు వెళ్ళడం మానలేదు. ఒకనాడు సగం రౌండు దాటగానే కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. చెయ్యి పొట్ట మీదికి పోయింది. లోపల ఎవరైనా ఉంటే ఇలా ఉరకొచ్చా? ఎవరూ లేకపోతే ఇలా ఆగిపోయి నేను పోగొట్టుకుంటున్నదేమిటి? ఆ రెండు ప్రశ్నల మధ్య ఆమె గ్రౌండు మధ్యలో నిలబడిపోయింది. వెనక వస్తున్న పిల్లలు ఆమెను తప్పించుకుని ముందుకు పోయారు. వాళ్ళను చూస్తే ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తూ నరేష్‌కు చెప్పింది. అతని ముఖం ముందు వెలిగింది. ఆమె ముఖం చూశాక ఆరిపోయింది. ఆ ముందు వెలగడమే ఆమెకు గుచ్చుకుంది.

"ఉంటే ఉండనియ్" అన్నాడు మెల్లగా. "నౌకరీది ఏముంది, మల్ల ఒకసారి..."

"మల్ల ఒకసారి అంటే ఎప్పుడు? నువ్వే గద మాటిచ్చింది?"

నరేష్ తీగ మీద క్లిప్పులు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నాడు. "తప్పైంది. గట్ల అనొద్దుండె" అన్నాడు. మంచివాడే. మంచివాడికి ఏం చెయ్యాలో తోచనప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. పరీక్ష చేసుకునే కిట్ తెస్తానని బయల్దేరాడు. సందు చివర మందుల షాపాయన దశరథకు బాగా తెలుసు. దిల్‌సుఖ్‌నగర్‌లో అయితే చీరల దుకాణం అబ్బాయిని తెలియనివాళ్ళు లేరు. రెండు చోట్లా కౌంటరు దాకా వెళ్ళి, నోరు పెగలక, దగ్గు మందు కొనుక్కుని వచ్చాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళి మళ్ళీ దగ్గు మందే తెచ్చాడు. ఇంట్లో ఎవరికీ దగ్గు లేదు.

వరలక్ష్మీ వ్రతం దగ్గరపడింది. రాజమ్మ వాయనాల కోసం శనగలు ఏరుతూ కోడల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. వ్రతాలు చేసే ఇంట్లో ఆడవాళ్ళు ముందుగా సరిచూసుకునేది పంచాంగం కాదు, ఇంట్లోవాళ్ళ తారీఖులు.

"బిడ్డా, శుక్రారం నాటికి నీకు అడ్డమొస్తదా? అడ్డమొస్తే చెప్పు, గోలీలు దెప్పిస్త. జర ఎనుకకు జరుగుతది. పక్కింటామె ఏటేటా గట్లనే ఏసుకుంటది."

అత్త నోటి నుంచి గోలీ అన్న మాట వినేసరికి స్పందన పరిస్థితి తేలు కుట్టిన దొంగలా అయింది. శనగల పళ్ళెంలోకి చూస్తూ అంది. "అడ్డమేం రాదు అత్తమ్మా. తారీఖు దాటిపోయింది."

రాజమ్మ చేతులు ఆగాయి. ముఖమంతా విచ్చుకుంది. ఆ తర్వాత బొటనవేలు వేళ్ళ కణుపుల మీద నడవడం మొదలుపెట్టింది. పాతకాలం మనుషుల లెక్క.

"నువ్వు ఒచ్చి గిన్ని దినాలే గద. ముందుది ఎప్పుడైంది?"

"ఆషాడం మొదట్ల. అమ్మవాళ్ళింట్ల."

బొటనవేలు ఒక కణుపు దగ్గర ఆగిపోయింది. రాజమ్మ కోడలి ముఖంలోకి చూసింది. ఇక దాచి లాభం లేదు. స్పందన అంతా చెప్పేసింది. అబ్దుల్లాపూర్‌మెట్ సంగతి చెప్పింది, మాక్ టెస్ట్ అని ఆడిన అబద్ధం చెప్పింది, చీరల కింద అట్ట గురించి, నరేష్ తెచ్చిన దగ్గు మందు సీసాల గురించి చెప్పింది. చెబుతున్నంతసేపూ ఇల్లు ఎగిరిపోతుందనే అనుకుంది.

రాజమ్మ అరవలేదు. శనగల పళ్ళెం దగ్గరికి లాక్కుని అడిగింది. "గోలీల సంగతి నాతోని చెప్తే నేను నిన్ను తింటుంటినా? మనమడో మనమరాలో గావాలని గుట్ట మీది నర్సింహస్వామిని నేనడుగుతుంటి. నువ్వు ఇంట్ల కూసోని గోలీ మింగుతుంటివి. ఆయన ఎవలి మాట ఇనాలె పాపం?"

స్పందనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "తప్పైంది అత్తమ్మా. ఆషాడంల కలువొద్దుండె."

"మా నరేష్ పుట్టినరోజు ఎప్పుడు?"

"శ్రీరామనవమి దగ్గర్ల."

"ఎనుకకు లెక్కవెట్టు."

స్పందన లెక్కపెట్టింది. ఫాల్గుణం, మాఘం, పుష్యం, అలా వెనక్కి పోతూ పోతూ ఆషాఢం దగ్గరికి వచ్చి ఆగింది. తల ఎత్తి చూసింది. కోడలిని పుట్టింటికి తోలేదాకా నిద్రపోని రాజమ్మ పళ్ళెంలో లేని రాళ్ళు ఏరుతోంది. ముఖం కొత్త పెళ్ళికూతురి ముఖంలా కందింది.

"మా తల్లిగారిల్లు, అత్తగారిల్లు ఒక్క ఊర్లనే. నడుమ రెండు గల్లీలు" అంది తల ఎత్తకుండా. "మీ మామ మగ్గానికి నూలు కండెలు ఇచ్చిపోత అని ఒచ్చేటోడు. మా ఇంట్ల మగ్గం నడవక నెలలాయె. కండెలు దేనికని ఎవ్వరు అడగలె."

ఇద్దరూ నవ్వారు. పెళ్ళయినాక అత్తాకోడళ్ళు అలా పగలబడి నవ్వడం అదే మొదలు. నవ్వు తగ్గాక కూడా రాజమ్మ మాట ఆపలేదు.

"అప్పుడు నాకు పంతొమ్మిదేండ్లు. పది ఫెయిలై ఇంట్ల ఉన్న. ఇంగొకసారి రాస్త అని ఫీజు గట్టిన. మా ఊరి అంగన్‌వాడీల టీచర్ గావాలని ఉండె నాకు. పరీచ్ఛలు మార్చిల ఒచ్చె. నాకు తొమ్మిదో నెల. కడుపేసుకోని భువనగిరికి బస్సుల పోతవా అన్నరు. మల్ల ఒకసారి రాద్దువుగాని అన్నరు."

ఆ మాట స్పందనకు డాబా మీద విన్నదే.

"మల్ల ఒకసారి రానే రాలె. నరేష్ పుట్టినందుకు నాకు రంది లేదు బిడ్డా. వాడు నా పాణం. గాని నీకేం గావాలె అని నన్ను ఎవ్వరు అడగలె. నేను గూడ నోరు దెరువలె." రాజమ్మ పళ్ళెం పక్కకు జరిపింది. "నేను అడుగుతున్న. నీకేం గావాలె?"

పెళ్ళి నాటి నుంచి ఈ ఇంట్లో టీ కావాలా, పెరుగు కావాలా అని అడిగారు గానీ ఈ మాట ఎవరూ అడగలేదు.

"ఉరకాలె అత్తమ్మా" అంది.

రాజమ్మ లేచి కొంగు దులుపుకుంది. "అయితే పా, దవాఖానకు పోదాం. దగ్గు మందు దాగితే తెలిసే ముచ్చట కాదిది."

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషన్ వెనక సందులో డాక్టర్ ఇంద్రాణి క్లినిక్. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి, తొందరపడకుండా మాట్లాడుతుంది. అంతా విని ముందు పరీక్ష చేయించింది. ఫలితం వచ్చేదాకా రాజమ్మ బల్ల మీద కోడలి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ పట్టులో ఉన్నది కోడలి భయమో, అత్త ఆశో, విడదీసి చెప్పడం కష్టం.

"గర్భం లేదమ్మా" అంది డాక్టరు. "మీరు కలిసిన రోజు నుంచి మూడు వారాలు దాటాయి కాబట్టి ఈ పరీక్షని నమ్మొచ్చు. ఆలస్యం అంటావా, సగంలో ఆపిన మాత్రలు మళ్ళీ మొదలుపెట్టావు కదా, అవే ఆపి ఉంచాయి. తెల్లవి అయిపోయాక వస్తుంది."

స్పందన ఊపిరి వదిలింది. ఆ వెంటనే కళ్ళ నీళ్ళు కారిపోయాయి. వద్దనుకున్నదే లేదన్నారు, మరి ఏడుపెందుకో ఆమెకే అర్థం కాలేదు. రాజమ్మ ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. ఆ క్షణం స్పందన చూసింది. రాజమ్మ పైట చెంగుతో కోడలి ముఖం తుడిచింది. దాంతో ఆ వాడిన ముఖం కూడా తెరచాటుకు పోయింది.

"కానీ ఇది నీ అదృష్టం, మందు గొప్పతనం కాదు" అంది డాక్టరు. "ఈ మాత్ర నెలంతా ఒంట్లో దాక్కోదమ్మా. ఏ రోజు మాత్ర ఆ రోజుకే. సగంలో ఆపేస్తే రక్షణ కూడా పోతుంది. రోజూ తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో నూటికి ఒకరికి కూడా గర్భం రాదు. మర్చిపోతూ, ఆపుతూ వేసుకునేవాళ్ళలో నూటికి ఏడుగురికి వస్తుంది. ఒకటి మర్చిపోతే గుర్తు రాగానే వేసేసుకో. రెండు మూడు తప్పిపోయినా, మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టినా, వరసగా ఏడు రోజులు పడేదాకా మీ ఆయన కూడా జాగ్రత్త తీసుకోవాలి. అలా పొరపాటు జరిగిన రోజే నా దగ్గరికి వచ్చుంటే దానికి వేరే మాత్ర ఉంది. మూడు రోజుల్లోపు వేసుకోవాలి. నువ్వు ఫోన్లో వెతుక్కుంటూ కూర్చున్నావు."

రాజమ్మ గొంతు సవరించుకుంది. దారి పొడుగునా ఆమె మోసుకొచ్చిన ప్రశ్న ఒకటుంది. "డాక్టరమ్మా, గీ గోలీలు గిట్ల ఏండ్లకేండ్లు మింగితే గర్భసంచి ఎండిపోతదంట గద. రేపు గావాలన్నప్పుడు పిల్లలు అయితరా?"

"ఎవరన్నారండీ ఎండిపోతుందని? ఆపేసిన మొదటి నెలలోనే నిలిచినవాళ్ళున్నారు. కొందరికి కొన్ని నెలలు పట్టొచ్చు, అది మాత్రలు వేసుకోనివాళ్ళకీ పడుతుంది. మీ మనవడెక్కడికీ పోడు, ఈ అమ్మాయి రమ్మన్నప్పుడు వస్తాడు."

"ఆమె రమ్మన్నప్పుడు" అని రాజమ్మ ఆ మాటను మరొకసారి తనలో తాను అనుకుంది. బజార్లో బేరం కుదిరాక గుడ్డను వేళ్ళతో ఒకసారి నలిపి చూసుకున్నట్టు.

ఇంటికొచ్చేసరికి నరేష్ గుమ్మంలో ఉన్నాడు. అతని చేతిలో దగ్గు మందు సీసా ఉంది. సంగతి విని కుర్చీలో కూలబడ్డాడు. స్పందన అతని ముఖం వెతికింది. దిగులు లేకపోలేదు గానీ అతను లేచి వచ్చి "రేపటి నుంచి పొద్దుగాల గ్రౌండుకు నేనే తోల్కపోత" అన్నాడు. ఆమె మనసు కొంచెం కుదుటపడింది, పూర్తిగా కాదు. మాట నిలబడుతుందో లేదో తెలియాలంటే కొన్ని పొద్దుటిపూటలు గడవాలి.

రాజమ్మ మాత్రం కొడుకుని అప్పుడే వదల్లేదు. "గా సీసా పక్కకు వెట్టి షాపుకు పో. కొత్త షీటు దే. సందు చివరనే దే."

"అమ్మా, గాయన నాయనకు..."

"అబ్దుల్లాపూర్‌మెట్ పోనీకి లేని సిగ్గు సందు చివరకు పోనీకి ఎందుకురా?"

నరేష్ చెప్పులేసుకుని వెళ్ళాడు. ఈసారి దగ్గు మందు తేలేదు.

శుక్రవారం వ్రతం జరిగింది. తర్వాత బతుకమ్మ వచ్చింది. ఆడబిడ్డలంతా పుట్టిళ్ళకు వెళ్ళే పండుగ కదా, స్పందన కూడా కర్మన్‌ఘాట్‌కు బయల్దేరింది. పరుగు పరీక్షకు ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. నరేష్ ఒకటి రెండు రోజులు తప్ప గ్రౌండుకు రావడం మానలేదు. ఆమె పరుగు చూసి అతనికే ఆయాసం వచ్చేది.

రాజమ్మ బ్యాగులో కొత్త చీర పెట్టింది, పసుపూ కుంకుమా పెట్టింది, మలీద ముద్దలు డబ్బాలో సర్ది పెట్టింది. జిప్పు వేయబోయి ఆగి, లోపలికి వెళ్ళి, మాత్రల అట్ట తెచ్చి చీర మడతల మధ్య కాదు, అన్నిటికన్నా పైన, తెరవగానే కనబడేలా పెట్టింది.

"అమ్మ చూస్తది అత్తమ్మా" అంది స్పందన.

"చూడనియ్. మీ అమ్మకు ఫోన్ చేసి నేను జెప్పిన." రాజమ్మ జిప్పు లాగింది. "పుట్టింట్ల ఉన్న గద, మొగుడు లేడు గద అని ఇడిచిపెడుదువు. ఒకనాడు గూడ ఇడువకు. నా కొడుకు ఏదో ఒక సాకు వెట్టుకోని ఆడికి రానే ఒస్తడు. వాడు గూడ వాళ్ళ నాయన కొడుకే గద."